అమ్మకు మోకాలి ఆపరేషన్ అయ్యి ఐదు వారాలు. లేజర్ చేయిస్తే మంచిదంటున్నారు, చేయించాలా?

కోటిపల్లి_రేవు · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అమ్మకు 64 ఏళ్లు. అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైంది. కుడి మోకాలి మార్పిడి జరిగి రేపటికి ఐదు వారాలు. ఆపరేషన్ బాగానే అయింది. పన్నెండో రోజున క్లిప్పులు తీశారు, గాయం చక్కగా మానింది. ఇబ్బందల్లా వంగడం దగ్గరే వచ్చింది. 75 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. రెండు వారాలుగా అక్కడే ఉంది.

రాత్రి రెండింటికి సలుపుతో లేచి కూర్చుంటుంది. ఇంటికొచ్చే ఫిజియో అబ్బాయి కాలు వంచబోతే మంచం పట్టె పట్టుకుని ఏడుస్తుంది. నేను హైదరాబాదులో ఉద్యోగం. వీడియో కాల్‌లో అది చూడలేక ఫోన్ పెట్టేసిన రోజులున్నాయి. నాన్న ఒక్కడే చూసుకుంటున్నాడు.

మా ఊరికి దగ్గర్లోని ఒక క్లినిక్‌లో క్లాస్ 4 లేజర్ ఉందట, అంటే మోకాలి మీద బలమైన వెలుగు పెట్టే యంత్రం. పది సిట్టింగులకు 12,000 అన్నారు. నొప్పి, వాపు తగ్గి మోకాలు దానంతటదే వంగుతుందని చెప్పారు. ఆరో వారం చెకప్‌కి 90 రాకపోతే మత్తిచ్చి వంచాల్సి రావచ్చని సర్జన్ ముందే అన్నారు. అందుకే టెన్షన్‌గా ఉంది. లోపల లోహం ఉండగా లేజర్ పెట్టొచ్చా? నిజంగా పనిచేస్తుందా? చేయించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి.

వరంగల్_అక్క · ఆదివారం రాత్రి 10:25

తమ్ముడూ, నావి రెండు మోకాళ్లూ మార్చారు. ఒకటి అయ్యాక ఏడాదిన్నరకు రెండోది. మొదటిదానికి లేజర్ లేదు, రెండోదానికి ఎనిమిదిసార్లు పెట్టించుకున్నాను. రెండూ చూసినదాన్ని కాబట్టి చెబుతున్నా.

లేజర్ పెట్టిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టేది. అది నిజం. చిప్ప చుట్టూ బిగుసుకుపోయినట్టుండే పట్టు కాస్త వదిలేది. కానీ కాలు వంగింది దానివల్ల కాదు. పట్టు వదిలిన ఆ గంట రెండు గంటల్లో నేను చేసిన వ్యాయామం వల్ల వంగింది. లేజర్ పెట్టించుకుని ఇంటికొచ్చి పడుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో ఒక్క డిగ్రీ కూడా పెరగలేదు.

ఇంకో మాట. మీ అమ్మగారు నొప్పి బిళ్లలు వేసుకుంటున్నారా, ఆపేశారా? మొదటి మోకాలప్పుడు నేను ఆపేశాను. కిడ్నీలు పోతాయని పక్కింటావిడ భయపెట్టింది. నెల రోజులు నరకం చూశాను. ముందు ఆ సంగతి కనుక్కో.

నెల్లూరు_మాస్టారు · సోమవారం ఉదయం 6:10

బాబూ, నా వయసు 71. మోకాలు మార్చి నాలుగేళ్లయింది. నేను పెట్టిన ఖర్చు వాకరుకు, కమోడ్ కుర్చీకి, నెల రోజుల ఫిజియోకు. అంతే. లేజర్లు, కరెంటు పెట్టడాలు ఏమీ లేవు. ఇప్పుడు రోజూ మూడు కిలోమీటర్లు నడుస్తున్నాను.

12,000 అంటే ఇంటికొచ్చే ఫిజియోకు ఇరవై నాలుగు రోజుల ఫీజు, రోజుకు 500 లెక్కన. ఆ డబ్బు అటు పెట్టమని నా సలహా. మనకు భారమంతా ఇలాంటి పైపై ఖర్చుల దగ్గరే పడుతోంది. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ ధరలకు పరిమితి పెట్టింది. మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి 54,720 రూపాయలు, పైన జీఎస్టీ. దానివల్ల నాలాంటి పెన్షనర్లు ఎందరో ఆపరేషన్ చేయించుకోగలిగారు. తరువాత వచ్చే ప్యాకేజీలకు అలాంటి హద్దేమీ లేదు, ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు.

ఫిజియో_గుంటూరు · సోమవారం మధ్యాహ్నం 1:50

నేను ఫిజియోథెరపిస్టును, పద్నాలుగేళ్లుగా ఎక్కువగా మోకాలి మార్పిడి పేషెంట్లనే చూస్తున్నాను. మా క్లినిక్‌లోనూ లేజర్ ఉంది. వాడతాను. అందుకే దాని గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలనిపించింది.

ముందు లోహం సంగతి. ఈ వెలుగు చర్మం దాటాక చాలా త్వరగా బలం తగ్గిపోతుంది. కొన్ని సెంటీమీటర్లకు మించి లోపలికి పోదు. ఇంప్లాంటును వేడెక్కించేంత శక్తి అక్కడిదాకా చేరదు. కాబట్టి లోహం ఉన్నంత మాత్రాన లేజర్ కూడదని కాదు. షార్ట్‌వేవ్ డయాథెర్మీ అనే మరో యంత్రం ఉంటుంది. లోహం ఉన్నచోట అది అసలు పెట్టకూడదు, లోపల కాలుతుంది. రెండూ పెట్టెల్లాగే కనిపిస్తాయి. మీ నాన్నగారిని యంత్రం పేరు అడగమనండి.

ఇక లేజర్ చేసే పని. 1967లో హంగరీలో ఎండ్రె మెస్టెర్ అనే డాక్టరు ఎలుకల మీద లేజర్‌తో ప్రయోగం చేస్తుంటే, గొరిగిన చోట వెంట్రుకలు తొందరగా మొలిచాయి. ఆ గమనికతోనే ఈ వైద్యం మొదలైంది. ఎరుపు, దాని పక్కనే కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును కణాల్లోని మైటోకాండ్రియా పీల్చుకుని శక్తి తయారీని పెంచుతుందని, వాపు కలిగించే రసాయనాలు తగ్గుతాయని వివరణ. ఇప్పుడు దీన్ని ఫోటోబయోమాడ్యులేషన్ అంటున్నారు.

మోతాదు ఇక్కడ ప్రాణం. శక్తిని జౌళ్లలో కొలుస్తారు. వాట్లను సెకన్లతో గుణిస్తే జౌళ్లు వస్తాయి. 0.1 వాటు లేజర్‌ను ఒకే చోట 40 సెకన్లు ఉంచితే 4 జౌళ్లు. 2019లో బీఎంజే ఓపెన్ పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. ఆపరేషన్ కాని, అరిగిన మోకాళ్ల మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూశారు. 785 నుంచి 860 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్‌తో ఒక్కో బిందువుకు 4 నుంచి 8 జౌళ్లు, 904 నానోమీటర్ల దానితో 1 నుంచి 3 జౌళ్లు ఇచ్చినచోట నొప్పి తగ్గింది. అంతకంటే తక్కువ ఇచ్చినచోట అంత ఫలితం లేదు. గమనించండి, అది అరిగిన మోకాలి లెక్క. మార్చిన మోకాలి మీద జరిగిన ప్రయోగాలు తక్కువ, చిన్నవి. అందుకే నేను నా పేషెంట్లకు ఒకటే చెబుతాను: నొప్పి, వాపు కొంత తగ్గే అవకాశం ఉంది, వంగడం మాత్రం మీరు సంపాదించుకోవాలి. దానంతటదే వంగుతుందని ఎవరైనా అంటే ఆ మాట తప్పు.

అమెరికా ఫిజికల్ థెరపీ అసోసియేషన్ 2020లో ఈ ఆపరేషన్ తరువాతి చికిత్సకు మార్గదర్శకాలు ఇచ్చింది. 24 గంటల్లోపే ఫిజియో మొదలుపెట్టడం, తొడ కండరాలకు గట్టి వ్యాయామం, కండరాన్ని కరెంటుతో బిగించే చికిత్స, ఐస్ పెట్టుకోవడం నేర్పడం, ఇవి చేయమన్నారు. కాలిని దానంతటదే వంచి చాచే సీపీఎం యంత్రాన్ని మాత్రం మామూలు కేసుల్లో వద్దన్నారు. ఒకప్పుడు దాన్ని అద్దెకు తెచ్చుకోని ఇల్లు లేదు!

మీ అమ్మగారి గురించి నాకు కొన్ని సంగతులు తెలియాలి. కాలు పూర్తిగా చాచగలుగుతున్నారా? పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెడుతున్నారా? వ్యాయామానికి ఎంత ముందు మాత్ర వేసుకుంటున్నారు? రోజుకు ఎన్నిసార్లు ఐస్?

సిద్దిపేట_చెల్కలు · సోమవారం సాయంత్రం 5:15

మేడమ్ చెప్పిన యంత్రం పేరు అడగడం చాలా అవసరం. మా పెద్దమ్మకు ఒకచోట లేజర్ అని చెప్పి పదిహేను రోజులు పెట్టారు. నేను ఒకరోజు తోడు వెళ్లి చూస్తే అది స్టాండుకు బిగించిన ఎర్ర బల్బు. ఇన్‌ఫ్రారెడ్ ల్యాంప్, కాపడం పెట్టే దీపం. సిట్టింగుకు 400 తీసుకున్నారు. పెద్దమ్మకు వెచ్చగా హాయిగానే ఉండేదట, కానీ లేజర్ అనుకుని డబ్బు కట్టింది. గొడవ చేయడానికి ఆమెకు మనసొప్పలేదు. నాకు మాత్రం ఇప్పటికీ కడుపు మండుతుంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · సోమవారం రాత్రి 11:30

ఆర్థో వార్డులో నర్సును. దీపమైనా, క్లాస్ 4 లేజర్ అయినా ఒక జాగ్రత్త చెబుతాను. ఈ ఆపరేషన్‌లో కోత పక్కనున్న చిన్న నరం తెగుతుంది. అందుకే మచ్చకు బయటివైపు అరచేతంత మేర చాలామందికి మొద్దుబారి ఉంటుంది. అక్కడ వేడి తెలియదు. కాలుతున్నా "బాగానే ఉంది" అంటారు. వేడినీళ్ల సంచీ పెట్టుకుని బొబ్బలతో వచ్చిన పెద్దవాళ్లను చూశాను. క్లాస్ 4 అంటే అర వాటుకు మించిన బలం, చర్మం వేడెక్కుతుంది. ఒకేచోట ఆపకుండా కదుపుతూ ఉండాలి. మన చర్మం రంగు ఎంత ముదురైతే అంత ఎక్కువ వేడి పైనే పీల్చుకుంటుంది. కాలి మీద పచ్చబొట్టు ఉంటే దాని మీద పెట్టనివ్వకండి. రాసుకున్న బామ్ తుడిచేయాలి. పెట్టేవాళ్లకూ, పెట్టించుకునేవాళ్లకూ ఇద్దరికీ కళ్లద్దాలు ఉండాలి. అద్దాలివ్వని చోటు నుంచి లేచి వచ్చేయండి.

ఇంకొకటి, దీనికి ఏ చర్చా అక్కర్లేదు. పిక్క ఒక్కసారిగా వాచి, నొక్కితే నొప్పి ఉంటే, లేదా గాయం నుంచి చీము, నీరు కారుతూ జ్వరం వస్తే, లేజర్ కాదు, మాలిష్ కాదు, ఏదీ వద్దు. అదే రోజు సర్జన్ దగ్గరికి వెళ్లండి. పిక్కలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. మాలిష్ చేసే ఆవిడను పిలిపించే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ప్లేనో_తెలుగు · మంగళవారం ఉదయం 8:05

టెక్సాస్ నుంచి. నాన్నగారికి ఇక్కడే చేయించాం. క్లాస్ 4 లేజర్ ఆరుసార్లు. ఇన్సూరెన్స్ ఇవ్వలేదు, జేబులోంచే కట్టాం. మొదటి మూడింటికి వాపు కొలిచారు, చిప్ప మధ్యలో టేపు చుట్టి. 2 సెంటీమీటర్లు తగ్గింది. ఐస్, కాలు ఎత్తులో పెట్టడం కూడా అప్పుడే మొదలుపెట్టాం కాబట్టి ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను.

మాస్టారి మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. నాన్న నొప్పికి భయపడి వ్యాయామమే మానేశారు. లేజర్ రోజున మాత్రం "ఇవాళ నొప్పి ఉండదు" అనే ధైర్యంతో చేసేవారు. ఆ ధైర్యానికి కూడా విలువ ఉంది కదండీ.

నెల్లూరు_మాస్టారు · మంగళవారం ఉదయం 9:30

ఉంది బాబూ, కాదనను. భయం పోగొట్టడానికి పనికొస్తే మంచిదే. నా బాధల్లా డబ్బు ఒకదానికే సరిపోయే ఇళ్ల గురించి. లేజర్‌కు కట్టి ఫిజియోను మాన్పించిన ఇద్దరిని మా వీధిలోనే చూశాను. ఒకాయన కాలు ఇప్పటికీ 80 దగ్గరే ఉంది. బస్సు మెట్టు ఎక్కలేడు.

కోటిపల్లి_రేవు · మంగళవారం రాత్రి 10:50

అందరికీ చేతులెత్తి దండం. ఇవాళ అమ్మతో గంటసేపు మాట్లాడాను. మేడమ్ అడిగినవన్నీ అడిగాను.

అక్క చెప్పిందే నిజమైంది. మూడో వారంలోనే నొప్పి మాత్రలు ఆపేసిందట. బీపీ మాత్రలు ఉన్నాయి, ఇన్ని మందులు ఒంట్లో పోగవుతాయని భయపడింది. నాకు చెబితే కోప్పడతానని నాన్నతో కూడా అనలేదు. మోకాలి కింద దిండు పెట్టుకునే పడుకుంటోంది, అదీ రెండు దిండ్లు. ఐస్ రోజుకు ఒక్కసారి, పడుకునే ముందు. కాలు పూర్తిగా చాచలేకపోతోంది, కింద నాలుగు వేళ్లు దూరేంత సందు ఉందని నాన్న కొలిచి చెప్పాడు. ఫిజియో అబ్బాయి వచ్చే పావుగంట తప్ప మిగతా రోజంతా మంచం మీదే. ఇవేవీ నాకు తెలియవు. ఐదు వారాలుగా డిగ్రీల గురించే అడిగాను తప్ప, రోజు ఎలా గడుస్తోందో అడగలేదు.

ఫిజియో_గుంటూరు · బుధవారం మధ్యాహ్నం 2:20

మిమ్మల్ని మీరు అనుకోకండి. దగ్గరున్నవాళ్లకే తెలియవు ఇవి.

దిండు ఇవాళే తీసేయండి. మోకాలి కింద దిండు హాయిగా ఉంటుంది, కానీ కాలు వంకరగానే బిగుసుకుపోతుంది. దాని బదులు టవల్ చుట్టి మడమ కింద పెట్టండి, మోకాలు కిందికి వేలాడేలా. పది నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. చాచడం రాకపోతే నడకలో కుంటు ఉండిపోతుంది. వంగడం కంటే ముందు నేను చూసేది అదే.

మాత్రల సంగతి సర్జన్‌కు ఫోన్ చేసి అడగండి, బీపీ ఉందని చెప్పండి. ఏది, ఎంత అనేది ఆయనే చెప్పాలి. ఏ మాత్ర ఇచ్చినా వ్యాయామానికి ముప్పావుగంట, గంట ముందు పడేలా చూసుకోండి.

వంచడానికి ఎవరో బలవంతంగా నొక్కక్కర్లేదు. కుర్చీలో కూర్చోబెట్టి, పాదం కింద పాలిథీన్ కవర్ వేయండి. గచ్చు మీద పాదం జారుతుంది. మెల్లగా వెనక్కి లాక్కోమనండి. ఇక రాదు అనుకున్నచోట పాదం అక్కడే ఉంచి, కూర్చున్న మనిషి కుర్చీలో అంగుళం ముందుకు జరగాలి. పది సెకన్లు. పట్టు ఆవిడ చేతిలోనే ఉంటుంది కాబట్టి భయం ఉండదు. రోజుకు ఐదారుసార్లు, ఒక్కోసారి పది. తరువాత పావుగంట ఐస్, తడి తువ్వాలులో చుట్టి.

లేజర్ చేయించాలనుకుంటే తప్పులేదు. పది సిట్టింగుల ప్యాకేజీ మాత్రం ఒకేసారి కట్టకండి. విడిగా మూడు చేయించండి. ముందూ వెనకా డిగ్రీలు, వాపు కొలిచి కాగితం మీద రాయమనండి. మూడింటికి రాత్రి నిద్రలోనైనా తేడా లేకపోతే ఆపేయండి. పెట్టిన అరగంటలోపే వ్యాయామం చేయాలి, అది షరతు.

వరంగల్_అక్క · బుధవారం సాయంత్రం 6:40

ఆ పాలిథీన్ కవర్ ఉపాయం నాకు ఎవరూ చెప్పలేదు మేడమ్. నేను పౌడరు చల్లుకుని చేసేదాన్ని, ఒకసారి వాకరు జారి పడబోయాను. కవరే నయం.

తమ్ముడూ, అమ్మకు నేను చెప్పానని చెప్పు. ఐదో వారం అందరికంటే చెడ్డ వారం. చూడ్డానికి వచ్చేవాళ్లు తగ్గిపోతారు, నొప్పి తగ్గదు, ఎందుకు చేయించుకున్నానా అని ఏడుపొస్తుంది. నాకు మూడో నెలలో గానీ "ఇది నా కాలు" అనిపించలేదు. మోకాలు వెచ్చగా ఉండటం ఆరు నెలల దాకా ఉంది, దానికి భయపడొద్దని చెప్పు.

కోటిపల్లి_రేవు · తరువాతి సోమవారం రాత్రి 9:15

ఆరో వారం చెకప్ అయింది. సెలవు పెట్టి నేనే తీసుకెళ్లాను. 84 వచ్చింది. చాచడంలో సందు రెండు వేళ్లకు తగ్గింది. ఆరు రోజుల్లో 9 డిగ్రీలు! సర్జన్ మాత్రలు మార్చి రాశారు, ఇంకో మూడు వారాలు చూద్దాం, ఇలాగే పెరిగితే మత్తిచ్చి వంచే అవసరం ఉండదన్నారు. ఎక్స్‌రే బాగుంది.

లేజర్ గురించి అడిగాను. "నాకు అభ్యంతరం లేదు, నమ్మకంగా రాసిచ్చేంత ఆధారం కూడా లేదు" అన్నారు. క్లినిక్‌కు వెళ్లి యంత్రం చూశాను, నిజమైన లేజరే, కళ్లద్దాలు ఇచ్చారు. విడిగా మూడింటికి ఒప్పించాను, సిట్టింగుకు 1,300. అమ్మ పిక్క పక్కన చిన్న పచ్చబొట్టు ఉంది, అది చూపించి అటు వద్దని చెప్పాను. సిస్టర్ గారూ, మీరు చెప్పకపోతే నాకు తట్టేదే కాదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · సోమవారం రాత్రి 11:55

చాలా సంతోషం. నాన్నగారు కూడా నిద్రపోతున్నారా? ఆయన సంగతీ చూడండి.

కోటిపల్లి_రేవు · మూడు వారాల తరువాత, శనివారం రాత్రి 8:30

ఆలస్యంగా రాస్తున్నాను. తొమ్మిదో వారం చెకప్‌లో 102. కాలు దాదాపు పూర్తిగా చాస్తోంది. మత్తిచ్చి వంచే మాట ఇక లేదు.

లేజర్ మూడుసార్లు చేయించాం. మొదటి రెండుసార్లు రాత్రి నిద్ర మెరుగైందని అమ్మ చెప్పింది, మూడోసారికి తేడా తెలియలేదంది. అక్కడితో ఆపేశాం. మాత్రలు వేళకు పడటం కూడా అప్పుడే మొదలైంది, అందుకే నిద్ర దేనివల్ల వచ్చిందో నేను చెప్పలేను. కాగితం మీద రాయించిన కొలతల్లో చూస్తే లేజర్ పెట్టిన రోజుల్లోనూ, పెట్టని రోజుల్లోనూ పెరుగుదల ఒకేలా ఉంది. కుర్చీలో జరిగే వ్యాయామం మానిన రెండు రోజులు మాత్రం ఆగిపోయింది. అప్పుడు మా ఇంట్లో కరెంటు పోయి, ఐస్ లేక, అమ్మ చేయనంది.

ఫిజియో అబ్బాయిని మాన్పించలేదు మాస్టారూ. ఇప్పుడు అతను వస్తే అమ్మే టీ పెట్టిస్తోంది.

ఒక ప్రశ్న. నాన్న పాత పీట తీసేసి, దేవుడి గది ముందు స్టూలు వేద్దామంటున్నాడు. ఎంత ఎత్తుండాలి?

ఫిజియో_గుంటూరు · శనివారం రాత్రి 9:05

102కి అభినందనలు, అమ్మగారికి చెప్పండి. స్టూలు పద్దెనిమిది అంగుళాలకు తగ్గకూడదు. ఆవిడ కూర్చుంటే మోకాలి కంటే తుంటి కాస్త పైకి ఉండాలి. కాళ్లకు రబ్బరు బుడిపెలు వేయించండి, గచ్చు మీద జారకుండా. చేతులుండే కుర్చీ అయితే ఇంకా మంచిది, లేచేటప్పుడు ఊతం దొరుకుతుంది.

కోటిపల్లి_రేవు · శనివారం రాత్రి 9:20

చేతులున్న కుర్చీయే చేయిస్తాం మేడమ్. వడ్రంగి రేపు వస్తున్నాడు.